పాడిపశువు – సీసం ముప్పు
(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పుత్తూరు అనగానే ఎవరికైనా ఎముకల కట్టు గుర్తుకొస్తుంది. నేను చెప్పబోయేదీ కొంతవరకు ఎముకల సంగతే. పశువు ఒంటికి పట్టిన సీసం కాలేయం, మూత్రపిండాలతో పాటు ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. ఆవు ఈనినప్పుడు పాల కోసం ఎముకల్లోని కాల్షియం కరుగుతుంది. దాని వెంట సీసమూ బయలుదేరుతుంది. పాలు మరగబెడితే క్రిములు చస్తాయి గాని సీసం పోదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం కిలో పాలలో సీసం 0.02 మిల్లీగ్రాములు మించరాదు.

ఇది పశువు చేసుకున్న పాపం కాదు, మనం పారబోసినదే. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల మురుగు నక్కవాగులో కలిసి మంజీర వైపు పారింది. అక్కడి నీటిలో ఆర్సెనిక్ ఉన్నట్లు ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు వెల్లడించారు. డాక్టర్ కిషన్‌రావు వంటివారు ప్రజల పక్షాన నిలిచి పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. మూసీ వెంబడి మురుగునీటితో పెంచిన గడ్డినే నగరంలోని గేదెలకు మేపుతున్నారు. నీటిలో ఉన్నది గడ్డికి, గడ్డిలో ఉన్నది గేదెకు చేరక మానదు.

అంత పెద్ద పరిశ్రమలు మన వీధిలో లేవు కదా అని నిశ్చింతగా ఉండకండి. ఆటోలకు, ట్రాక్టర్లకు, ఇళ్ళలో ఇన్వర్టర్లకు వాడే బ్యాటరీలలో ఉన్నది సీసమే. పగిలిన బ్యాటరీని దిబ్బ మీద పడేస్తే, ఉప్పదనం తగిలి పశువులు దాన్ని నాకుతాయి. పాత రంగుల డబ్బాలతోనూ ఇదే ప్రమాదం. పశువు చూపు మందగించి గోడలకు గుద్దుకోవడం, పళ్ళు కొరకడం, నురగ కార్చడం, వణకడం, గిలగిలా కొట్టుకోవడం దీని లక్షణాలు. పిచ్చికుక్క కరిచినప్పుడూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది గనుక నోట్లో చెయ్యి పెట్టకండి. నాటు మందులతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యుని పిలవండి. తొందరగా గుర్తిస్తే సీసాన్ని మూత్రం ద్వారా బయటికి పంపే వైద్యం ఉంది. డాక్టరు చెప్పేవరకు ఆ పాలు ఎవరికీ పోయకండి.

మనం చేయగలిగిన పనులు మూడు. పాత బ్యాటరీని అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. బ్యాటరీలు విప్పేచోట, చెత్త తగలబెట్టేచోట పశువులను మేపకండి, అక్కడి గడ్డి కోయకండి. మురుగు కాలువ నీరు తాగనివ్వకండి.

వానలు లేక వేరుశనగ దెబ్బతిన్న ఏడు మన పల్లెల్లో ఎన్నో సంసారాలను నిలబెట్టేది పాడి ఆవే. ఆ పాలు తాగేది మన మనుమలు, మనుమరాళ్ళు. పసివాళ్ళ మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. పెద్దవాళ్ళం, ఉదయం నడకకు వెళ్ళేవాళ్ళం, దిబ్బ మీద బ్యాటరీ కనిపిస్తే చూసీ చూడనట్లు వెళ్ళకుండా పంచాయతీకో మునిసిపాలిటీకో చెబుదాం. ఇది ఖర్చులేని సేవ.