కుమారుని కూలి



మన ఉక్కునగరములో కర్మాగారపు జీతముతో బ్రతుకు కుటుంబములతోపాటు కిరాణా కొట్టు, టిఫిను బండి, కుట్టుపనులపై ఆధారపడు కుటుంబములును కలవు. బడి విడువగానే 15, 16 ఏండ్ల పిల్లలు అక్కడ సరుకు తూచుదురు, పద్దు వ్రాయుదురు. వారికి కూలి ఇయ్యవలెనా? "అన్నము పెట్టుచున్నాము, ఫీజు కట్టుచున్నాము, ఇంకేమి కూలి?" అని కొందరు తండ్రులు అడుగుదురు.

అన్నము, చదువు తల్లిదండ్రుల బాధ్యతలు; అవి కూలి కావు.

లూకా సువార్త 15వ అధ్యాయములో తప్పిపోయిన కుమారుని గూర్చి తరచుగా ప్రసంగింతుము. పెద్దవాని కష్టమును మరచుదుము. ఏండ్ల తరబడి సేవచేసినను స్నేహితులతో సంతోషించుటకు ఒక మేకపిల్లయైనను దొరకలేదని అతడు నొచ్చుకొనెను. తండ్రికున్నదంతయు అతనిదే. అయినను ఆ మాట మనకు వినబడునది అతడు అలిగిన తరువాతనే.

ఆదికాండము 29వ అధ్యాయములో లాబాను, బంధువైనంత మాత్రమున ఊరక కొలువు చేయనేల యని యాకోబు జీతమెంతో అడిగెను. అంతవరకు మంచిదే, పిమ్మట ఆ జీతమును పలుమార్లు మార్చుటయే అతని దోషము.

కావున ఇంటి చాకిరికి కాదు గాని, కొట్టుపనికి కూలి ముందుగా చెప్పుడి, చెప్పినది తప్పక ఇయ్యుడి. కుమార్తెకును అంతే ఇయ్యుడి. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించిరి. 14 ఏండ్లలోపువారు బడివేళల తరువాతనో సెలవులలోనో మాత్రమే ఇంటి వ్యాపారములో సాయపడవచ్చును. 18 ఏండ్లలోపువారిని అపాయకరమైన పనిలో పెట్టరాదు.

కర్మాగారములో మన ఓవర్‌టైమును గంటలతో లెక్కించుకొందుము. మన బిడ్డల గంటలను కూడ లెక్కింతుము గాక. ఆమేన్.