కోస్తా అనండి, సీమ అనండి... మా నీళ్ల లెక్క తేల్చండి

(మార్కాపురంలో జరిగిన రైతు సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున టీకొట్టు దగ్గర ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకుంటున్నారు. మనం కోస్తా వాళ్లమా, సీమ వాళ్లమా అని. గిద్దలూరు ఆయన ‘మా వియ్యాలన్నీ పోరుమామిళ్ల, నంద్యాల వైపే’ అన్నాడు. తర్లుపాడు ఆయన ‘మా మిర్చి పోయేది గుంటూరు యార్డుకే గదా’ అన్నాడు. ఇద్దరూ చెప్పింది నిజమే. ఈ వాదన వల్ల మన పొలానికి ఏమొచ్చింది, ఏం పోయింది అన్నదే ఈరోజు మాట్లాడతాను.

1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోసిన దత్త మండలాల్లో మన ప్రాంతమూ ఉంది. తర్వాత చాలాకాలం కర్నూలు జిల్లాలో ఉన్నాం. దత్త మండలాలకు రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో వచ్చింది. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. నదుల నీటి వాడకంలో సీమకు ముందు ప్రాధాన్యం ఇస్తామని అందులో ఒప్పుకున్నారు. అప్పుడు మనం కర్నూలు జిల్లా వాళ్లమే, ఆ మాట మనకూ ఇచ్చినట్టే. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఆ కలపడంతో మనం కోస్తా వాళ్లమైపోయాం. మన వాన పెరగలేదు, మన బోర్లలో నీళ్లు పైకి రాలేదు. కాగితం మీద పేరు మారిందంతే.

భూగోళాన్ని అడుగుదామా? గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కంభం మీదుగా మార్కాపురం పక్కనుంచి అద్దంకి వైపు పోయి సముద్రంలో కలుస్తుంది. గిద్దలూరు సగిలేరు నీళ్లు కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తాయి. అంటే మన వాన నీళ్లు కొన్ని కోస్తాకు, కొన్ని సీమకు పోతున్నాయి.

ప్రభుత్వ కాగితాలు చూద్దామా? 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఉద్యోగాలకు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు ఒక జోన్. చదువులకు వచ్చేసరికి మనల్ని ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిధిలో వేసి, సముద్రం ఒడ్డున ఉన్న నెల్లూరును సీమ జిల్లాలతో కలిపి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో వేశారు. ఒకే సర్కారు ఒక్కో పనికి ఒక్కో గీత గీసింది. కాబట్టి ఈ గీతలు దేవుడు గీసినవి కావు. అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు.

దీనివల్ల నష్టం ఎక్కడ జరిగిందో చెబుతాను. 2014 విభజన తర్వాత వెనుకబడిన ప్రాంతాల ప్యాకేజీకి కేంద్రం 7 జిల్లాలను తీసుకుంది. సీమలో 4, ఉత్తరాంధ్రలో 3. జిల్లాకు ఏడాదికి 50 కోట్లు. ప్రకాశం అందులో లేదు. చీరాల, మార్కాపురం అప్పట్లో ఒకే జిల్లాలో ఉండేవి గనుక రెండింటినీ ఒకే తట్టలో వేసి తూచారు. ఒంగోలు దగ్గర మాగాణి ఉందని యర్రగొండపాలెం మెట్టరైతు గొంతు తడుస్తుందా?

ఇక వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టుకున్న ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన చేశారు. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల వరద నీరు సొరంగాల ద్వారా తెచ్చి, ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లోని 30 మండలాల్లో 4,47,300 ఎకరాలకు ఇవ్వాలి. చూశారా, ఈ ప్రాజెక్టు గీసినవాళ్లు కోస్తానా, సీమనా అని అడగలేదు. ఎక్కడ కరువుందో, నీళ్లు ఎటు పారతాయో చూశారు. మన ప్రాంతానికి సరైన పటం అదే. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలు ఈరోజు పిల్లల తల్లిదండ్రులయ్యారు. ఆ పటం మాత్రం ఇంకా పొలం మీదికి పూర్తిగా రాలేదు.

మార్కాపురం కేంద్రంగా జిల్లా కావాలని మనమే ఏళ్ల తరబడి అడిగాం. కలెక్టరు దగ్గరగా ఉంటే మంచిదే, ఒంగోలు చార్జీలు మిగులుతాయి. అయితే జిల్లా బోర్డు పెట్టినంత మాత్రాన కందిచేనుకు తడి అందదు.

అందుకే మన సంఘం అడగాల్సినవి మూడు. ఒకటి, వెనుకబాటును జిల్లా పేరుతో కాక మండలం లెక్కన, వానను, భూగర్భ నీటి లోతును, సాగునీటి వసతిని చూసి తేల్చాలి. రెండు, వెలిగొండ సొరంగాలతో పని అయిపోయినట్టు చెప్పకుండా ముంపు గ్రామాలకు పరిహారం, పునరావాసం ఇచ్చి, పంట కాలువలు చివరి ఎకరం దాకా తవ్వాలి. మూడు, విజయనగర కాలం నాటి కంభం చెరువుకు 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ గౌరవం ఫలకంతో ఆగకూడదు. పూడిక తీయాలి, నీళ్లొచ్చే వాగులకు అడ్డాలు తొలగించాలి.

టీకొట్టు పెద్దమనుషులకు నా మనవి ఒకటే. వాదన మానుకోమని అనను. గ్రామసభలో మాత్రం ఇద్దరూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టండి. వచ్చే నెల సమావేశానికి ప్రతి గ్రామ శాఖ తమ ఊళ్లో ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని ఎండాయి, ఎంత లోతులో నీళ్లు పడుతున్నాయి రాసుకు రావాలి. ఆ లెక్కే మన సరిహద్దు చెబుతుంది.