వేల కంప్యూటర్లు, ఒక్క జాబితా



ఇంట్లో ఒక కంప్యూటరు ఉంటే దాన్ని కాపాడుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. అప్‌డేట్ అడిగినప్పుడు వెంటనే చేయాలి. ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్కులోకి ఎక్కించి దాచుకోవాలి. ముక్కూ మొహం తెలియనివారు పంపిన మెయిల్‌లోని ఫైలును తెరవకూడదు. ఇవన్నీ మీకు తెలిసినవే. మరి ఒక సంస్థకు అయిదు వేల కంప్యూటర్లు ఉన్నాయనుకోండి. అవి రెండు వందల ఊళ్లలో ఉన్నాయి. వాటి ముందు రోజూ అయిదు వేలమంది కూర్చుంటున్నారు. అప్పుడు ఇంట్లో చేసే పనినే అయిదు వేల సార్లు చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకు సరిపోదో, ఇంకేం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

వ్యాగన్ చెప్పే పాఠం

ఈ విషయం అర్థం కావడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌కు వెళదాం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పని కోసం వెళ్లి స్థిరపడిన రైల్వే పట్టణం అది. మీ బంధువుల్లో ఎవరైనా అక్కడి వర్క్‌షాప్‌లో పనిచేసి ఉంటే వారిని ఒక ప్రశ్న అడగండి. దేశమంతా తిరిగే లక్షల వ్యాగన్లలో దేనికి ఎప్పుడు మరమ్మతు చేయాలో ఎలా తెలుస్తుంది?

"దాని ఒంటిమీదే రాసి ఉంటుంది కదా" అంటారు వాళ్లు. ఈసారి గూడ్సు బండి ఆగినప్పుడు మీరే చూడండి. ప్రతి వ్యాగన్ మీదా 11 అంకెల సంఖ్య ఉంటుంది. అందులో మొదటి రెండంకెలు వ్యాగన్ రకాన్ని చెబుతాయి. తర్వాతి రెండూ అది ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండూ ఏ సంవత్సరంలో తయారైందో తెలుపుతాయి. తర్వాత నాలుగంకెల వరుస సంఖ్య వస్తుంది. చివరి అంకె, మిగతా పదీ సరిగా రాశారా లేదా అని సరిచూసుకోవడానికి. పక్కనే మరో చిన్న పట్టిక ఉంటుంది. పీఓహెచ్, అంటే పూర్తిస్థాయి మరమ్మతు, ఏ వర్క్‌షాప్‌లో ఎప్పుడు జరిగింది, మళ్లీ ఏ తేదీకి తిరిగి రావాలి అన్నవి అందులో రాస్తారు. పరీక్షలో లోపం కనబడిన వ్యాగన్‌ను 'సిక్' అని గుర్తు వేసి, బండి నుంచి విడదీసి, సిక్ లైన్‌లోకి పంపుతారు.

పెద్ద నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల నిర్వహణకు మూలసూత్రాలు ఇక్కడే ఉన్నాయి. ప్రతి యంత్రానికీ ఒక గుర్తింపు ఉండాలి. దానికి చివరిసారి ఎప్పుడు ఏం చేశారో నమోదై ఉండాలి. తర్వాత ఎప్పుడు ఏం చేయాలో తెలియాలి. జబ్బు చేసినదాన్ని మిగతావాటి నుంచి వేరుచేసే చోటు ఉండాలి. వ్యాగన్‌కు ఇవన్నీ చేస్తున్నాం. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా సంస్థలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. తమకు మొత్తం ఎన్ని యంత్రాలున్నాయో కచ్చితంగా చెప్పలేవు.

2017 మే: ఖరగ్‌పూర్ పక్కనే

చెప్పలేకపోతే ఏమవుతుంది? ఖరగ్‌పూర్ చుట్టుపక్కలే జవాబు దొరుకుతుంది. 2017 మే 12న 'వానాక్రై' అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచం మీద విరుచుకుపడింది. కంప్యూటరులోని ఫైళ్లను రహస్య సంకేతంతో బిగించేసి, విడిపించాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ చెల్లించమని తెరమీద బెదిరింపు చూపేది. దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మన దేశంలో దెబ్బతిన్నవాటిలో పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని బెల్దా, దాంతన్ వంటి చోట్ల ఉన్న రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాలు ఉన్నాయి. ఖరగ్‌పూర్ నుంచి బాలేశ్వర్ వెళ్లే దారిలో వచ్చే చిన్న ఊళ్లివి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా ఆ రోజుల్లోనే మొరాయించాయి.

లండన్ ఆసుపత్రిని, బెల్దా కరెంటు ఆఫీసును ఒకే పురుగు ఎలా పట్టింది? వానాక్రైకి ఎవరూ ఏ ఫైలునూ తెరవనక్కరలేదు. ఒక కంప్యూటరు నుంచి మరో కంప్యూటరుకు ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఒక ఏర్పాటు ఉంటుంది. అందులోని లోపాన్ని పట్టుకుని అది తనంతట తానే పక్క యంత్రంలోకి దూకేది. దానికి ఊరి పేరుతో పనిలేదు. మూయని తలుపు ఒకటి దొరికితే చాలు.

అయితే ఆ తలుపు మూసే గడియ అప్పటికే ఉంది. మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ను 2017 మార్చి 14నే విడుదల చేసింది. అంటే దాడికి 59 రోజుల ముందు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆసుపత్రులకు మార్చిలోనూ, ఏప్రిల్‌లోనూ హెచ్చరికలు కూడా వెళ్లాయి. కానీ హెచ్చరిక అందుకున్నవారు ఆ పని చేశారా లేదా అని సరిచూసే పద్ధతి పై కార్యాలయం దగ్గర లేదని ఆ దేశపు ఆడిట్ సంస్థ తర్వాత తేల్చింది. ఫలితంగా అక్కడ సుమారు 19,000 మంది రోగుల వైద్య అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అంచనా. ఆదేశం పంపడం ఒక పని, అది అమలైందని చూడడం వేరే పని. ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోండి.

98 శాతం ఎందుకు చాలదు?

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. మన ఊహా సంస్థలోని అయిదు వేల కంప్యూటర్లలో 98 శాతానికి ప్యాచ్ వేశారనుకుందాం. పరీక్షలో 98 శాతం వస్తే మీ అమ్మానాన్నలు వీధంతా మిఠాయి పంచుతారు. ఇక్కడ మాత్రం వంద తలుపులు తెరిచే ఉన్నట్టు. ఆ వందలో ఒక్కదానిలోకి పురుగు దూరినా అది మిగిలిన తొంభై తొమ్మిదినీ వెతుక్కుంటుంది. అందరూ వాడే ఉమ్మడి ఫోల్డరు ఆ యంత్రానికి కలిసి ఉంటే దానిలోని ఫైళ్లనూ బిగించేస్తుంది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. 98 శాతం అన్నప్పుడు హారంలో ఏముందో అడగాలి. జాబితాలో ఉన్న కంప్యూటర్లే కదా! స్టోరు గది మూల పాత ప్రింటరు కోసం నడుపుతున్న యంత్రం జాబితాలో లేకపోతే అది లవంలోనూ లేదు, హారంలోనూ లేదు. నివేదిక నూటికి నూరు చూపించినా ఆ యంత్రం మాత్రం నెట్‌వర్క్‌లోనే ఉంటుంది.

ఇలా మిగిలిపోయేవి ఎక్కువగా ఎక్కడుంటాయి? ప్రధాన కార్యాలయంలో కాదు, కొసన ఉన్న ఊళ్లలో. అక్కడ నెట్ లైను నెమ్మదిగా ఉంటుంది కాబట్టి అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. ప్యాచ్ వేస్తే పాత బిల్లింగ్ ప్రోగ్రాము ఆగిపోతుందేమోనన్న భయం ఉంటుంది. కౌంటరు దగ్గర మనుషులు వరుసలో నిలబడి ఉండగా యంత్రాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టే ధైర్యం గుమస్తాకు ఉండదు. ఇందులో అతని తప్పేమీ లేదు. పని ఆపడానికి ఒక వేళ, సాయానికి ఒక మనిషి, వేసే ముందు పరీక్షించిన ప్యాచ్, ఇవి సమకూర్చవలసింది సంస్థ. అవి లేకుండా 'వెంటనే వేయవలెను' అని ఉత్తర్వు పంపితే పని జరగదు.

ఒకే తాళంచెవి ప్రమాదం

వానాక్రై వచ్చి రెండు నెలలు తిరగకముందే, 2017 జూన్ 27న, 'నాట్‌పెట్యా' వచ్చింది. ఉక్రెయిన్‌లో అకౌంట్ల కోసం వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాన్ని దాచి పంపారు. అది పాత లోపంతో పాటు మరో దారి కూడా పట్టింది. పట్టుబడిన కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్న పాస్‌వర్డులను దొంగిలించి, వాటితో పక్క యంత్రాలను తెరిచేది. అందువల్ల ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి.

అన్ని యంత్రాలకూ ఒకే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు పెట్టడం సులువే. కానీ అది వీధిలోని ఇళ్లన్నిటికీ ఒకే తాళంచెవి చేయించడం లాంటిది. అందుకే ప్రతి యంత్రానికీ వేరే పాస్‌వర్డు ఉండాలి. రోజువారీ పనికి మామూలు ఖాతా చాలు. సర్వాధికారాలున్న ఖాతాను అవసరమైనంత సేపే వాడాలి.

ఓడల సంస్థ మేర్స్క్ ఈ దాడి తర్వాత పది రోజుల్లో 4,000 సర్వర్లను, 45,000 కంప్యూటర్లను మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేసుకోవలసి వచ్చింది. ముంబై దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ సంస్థ నడిపే టెర్మినల్‌లోనూ పని స్తంభించింది. ఆ సంస్థలో ఎవరు ఎవరో, ఎవరికి ఏ అధికారం ఉందో నిర్ణయించే కీలక సర్వర్లు అన్ని చోట్లా తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది ఘానాలోని ఒక్క సర్వరు. దాడి సమయంలో అక్కడ కరెంటు పోవడంతో అది నెట్‌వర్క్‌లో లేదు, అందుకే బతికింది. దాన్నుంచే మిగతావన్నీ మళ్లీ నిలబెట్టారు. కరెంటు కోత చేసిన ఆ మేలును మనం ముందుచూపుతో చేసుకోవాలి. నెట్‌వర్క్‌కు తగిలించని బ్యాకప్ ఒకటి ఎప్పుడూ విడిగా ఉండాలి. అప్పుడప్పుడు దాన్ని తీసి, నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షించాలి కూడా.

తొందర కూడా ప్రమాదమే

అయితే అప్‌డేట్ రాగానే అన్ని యంత్రాలకూ ఒక్కసారే వేసేద్దామా? 2024 జూలై 19న ఏం జరిగిందో చూడండి. కంప్యూటర్లకు కాపలా కాయడానికి పెట్టుకున్న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వచ్చింది. సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. దాడి చేసినవాడు ఎవడూ లేడు, కాపలాదారే తడబడ్డాడు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. సంస్థ గంటన్నర లోపే ఆ ఫైలును వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన యంత్రాల్లో చాలావాటిని మనుషులు వెళ్లి ఒక్కొక్కటిగా లేపవలసి వచ్చింది.

కనుక మార్గం మధ్యేమార్గం. ముందు పదీ ఇరవై యంత్రాలకు వేసి చూడాలి. వాటిలో కొసన ఉన్న ఊరి పాత యంత్రం కూడా ఒకటి ఉండాలి. ఒక రోజు గమనించి నూరింటికి, ఆపైన అన్నిటికీ వేయాలి. ప్రమాదం ముంచుకొస్తుంటే ఈ విరామాలను గంటల్లోకి కుదించవచ్చు. మెట్లు మాత్రం తీసేయకూడదు.

ఇక సిక్ లైన్ సంగతి. నెట్‌వర్క్ అంతా ఒకే పెద్ద హాలులా ఉండకూడదు. గదులుగా విభజించాలి. బిల్లుల కౌంటరు కంప్యూటరు నేరుగా మరో ఊరి కౌంటరు కంప్యూటరుతో మాట్లాడవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అవసరం లేని దారి మూసేస్తే పురుగు ఆ గదిలోనే ఆగుతుంది. అనుమానం వచ్చిన యంత్రాన్ని వెంటనే విడదీసే అధికారం ఆ ఊళ్లోనే ఉన్న ఒకరికి ఇవ్వాలి. ప్యాచ్ వేయడానికి వీల్లేని పాత యంత్రాన్ని కూడా ఇలాగే విడి గదిలో ఉంచాలి.

మీరు చేయవలసిన పని

మీ కళాశాల లేదా పాఠశాల కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జి గారి అనుమతి తీసుకుని ఒక పట్టిక తయారు చేయండి. యంత్రం సంఖ్య, ఉన్న చోటు, ఆపరేటింగ్ సిస్టమ్, చివరి అప్‌డేట్ తేదీ, వాడేవారు, బ్యాకప్ ఉందా లేదా, ఈ ఆరు గడులు చాలు. తర్వాత నడిచి వెళ్లి యంత్రాలను కళ్లారా లెక్కపెట్టండి. ఆఫీసు గది, గ్రంథాలయం, స్టోరు గది మరిచిపోవద్దు. కళ్లతో చూసిన లెక్క, రిజిస్టరులోని లెక్క ఒకటి కాకపోతే ఆ తేడాను ఇన్‌చార్జి గారికి చూపించండి.

రేపు మీలో కొందరు ఇలాంటి నెట్‌వర్క్‌లను నడపబోతున్నారు. ఖరీదైన భద్రతా సాఫ్ట్‌వేర్ కొనమని సలహా ఇచ్చేవారు మీకు చాలామంది దొరుకుతారు. కొనండి, తప్పులేదు. కానీ ముందుగా ఒక ప్రశ్న వేసుకోండి. మన కొస ఊరి ఆఫీసులో, అందరూ మరిచిపోయిన ఆ కంప్యూటరు పేరు నా జాబితాలో ఉందా? కరెంటు బిల్లు కట్టడానికి ఎండలో నడిచి వచ్చిన మనిషి నిలబడేది దాని ఎదుటే.