మొరం బాటలో సైకిల్

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు అడవి అంచుల్లోని మొరం బాటలు గ్రావెల్ సైకిల్‌కు చక్కగా సరిపోతాయి. దాని టైర్లు సుమారు 35 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పుంటాయి. గాలి కాస్త తగ్గిస్తే టైరు నేలకు బాగా ఆనుతుంది. పట్టు పెరిగి, కుదుపు తగ్గుతుంది.

ఇక్కడి పోచారం అడవి ఒకప్పుడు నిజాం వేటస్థలం. 1952లో అభయారణ్యమైంది. 1922లో పూర్తయిన పోచారం జలాశయం దాని పక్కనే ఉంది. వేటగాడి తుపాకీ మోగిన చోట ఇప్పుడు దుప్పులు, కణుజులు నిర్భయంగా మేస్తున్నాయి.

అందుకే అటవీశాఖ అనుమతి తీసుకునే లోపలికి వెళ్లండి. బాట వదలకండి. సరిపడా నీళ్లు, పంక్చర్ సామాను వెంట ఉంచుకోండి. జంతువులు ఎదురైతే ఆగి, దారి ఇవ్వండి. ఆ అడవి ముందుగా వాటిది.