పెరట్లోకి వచ్చిన డేగ ఏ డేగ?

 

నన్ను సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. ధింసా గురించి, పండుగల గురించి నాకన్నా బాగా చెప్పగల పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఆడపిల్లల హాస్టల్ చూసుకునే వార్డెన్‌ని. బీఎడ్ చదివాను కాబట్టి ఏది చెప్పినా కొంచెం పాఠంలాగే వస్తుంది, ఓపిక పట్టండి. ఈరోజు మా హాస్టల్ పెరట్లోకి వచ్చే ఒక పక్షి గురించి చెబుతాను. అది సంస్కృతి ఎలా అవుతుందని అడిగేవాళ్లు ఉంటారు. వినండి.

మా పెరట్లో ఒక జామచెట్టు, ఒక మునగచెట్టు, గోడవతల పనసచెట్లు, వాటి వెనక కాఫీ తోటల సిల్వర్ ఓక్ చెట్లు ఉన్నాయి. పిల్లలు రెండేళ్లుగా జామచెట్టుకు కొబ్బరి చిప్పలు కట్టి నూకలు, సామలు వేస్తున్నారు. కింద మట్టి మూకుడులో నీళ్లు పెడతారు. పిచ్చుకలు, గువ్వలు, గోరింకలు వస్తాయి. నీళ్ల కోసం పిగిలిపిట్టలు వస్తాయి. ఉడుతల సంగతి చెప్పక్కర్లేదు, సగం గింజలు వాటికే. జనవరిలో ఒకరోజు పొద్దున్న ఇంకో అతిథి వచ్చింది. అది గింజల కోసం రాలేదు, గింజలు తినేవాటి కోసం వచ్చింది.

ఒక పిల్ల "గద్ద" అంది. ఒకమ్మాయి "డేగ" అంది. వంట పిన్ని "ఏదైతేనేం, తరిమేయండి, నా కోడిపిల్లలున్నాయి" అంది. నాలుగో రోజు గొడవ ఇంకా పెరిగింది. ముందు వచ్చినదానికి గోధుమరంగు వీపు, తెల్లటి రొమ్ము మీద గోధుమరంగు బొట్లు ఉన్నాయి. ఇప్పుడు వచ్చినదానికి బూడిద రంగు వీపు, ఎర్రటి కళ్లు. రెండు రకాల డేగలు వస్తున్నాయని కొందరు, ఒకటే అని కొందరు. నేను తీర్పు చెప్పలేదు. ఒక పాత నోటుబుక్కు ఇచ్చి చూసింది చూసినట్టు రాయమన్నాను. పేరు తర్వాత, ముందు గుర్తులు అన్నాను.

ముందు పరిమాణం. చూసింది ఎంతుందో చేతులతో చూపించమంటే పిల్లలు మూరెడు చూపిస్తారు. భయం దేన్నైనా పెద్దది చేస్తుంది. అందుకే పక్కన తెలిసిన పక్షిని పెట్టి చూడాలి. ఇది ఊరకాకి కంటే చిన్నది, పావురం అంత. ముక్కు నుంచి తోక చివరి దాకా 30 నుంచి 36 సెంటీమీటర్లు. ఆ ఒక్క లెక్కతోనే గద్ద పోయింది. మనం ఊరిమీద రోజూ చూసే నల్లగద్ద కాకి కంటే చాలా పెద్దది, దాని తోక చివర చీలి ఉంటుంది, ఆకాశంలో గుండ్రంగా తిరుగుతుంది. మన అతిథి అలా తిరగదు. కొమ్మల మధ్య నక్కి కూర్చుంటుంది. ఎగిరితే నాలుగైదుసార్లు గబగబా రెక్కలు కొట్టి, కాసేపు జారి, మళ్లీ కొడుతుంది. రెక్కలు పొట్టిగా, కొస గుండ్రంగా ఉంటాయి, తోక పొడుగు. చెట్ల సందుల్లో మలుపులు తిరగడానికి అలాంటి రెక్కలు, అలాంటి తోక కావాలి. పొలంమీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడే తెల్లటి పక్షిని మీరు చూసే ఉంటారు. దానికీ ఎర్ర కళ్లే, కానీ భుజాలమీద నల్లటి మచ్చలుంటాయి. అది వేరే, పెరట్లోకి రాదు.

ఇక మిగిలింది చిన్న డేగ. పుస్తకాల్లో దాన్ని శిక్రా అంటారు. వేట అని అర్థమున్న శికార్ మాట నుంచి వచ్చిన పేరు. ఊళ్లలో, తోటల్లో, పట్నంలో కూడా బతకగల డేగ అది. పెద్దదైన మగపక్షికి వీపు నీలం కలిసిన బూడిద రంగు, రొమ్ము మీద ఇటుకరంగు సన్నటి అడ్డగీతలు, కళ్లు ఎరుపు. ఆడది మగదానికన్నా పెద్దది, వీపు కొంచెం గోధుమరంగు, కళ్లు పసుపు నారింజ మధ్య. వేటాడే పక్షుల్లో చాలావాటికి ఆడదే పెద్దది. మా పిల్లలకు ఆ సంగతి చాలా నచ్చింది, రెండుసార్లు చెప్పించుకున్నారు.

మరి ఆ గోధుమరంగు బొట్లది? అదీ శిక్రానే, కాకపోతే ఇంకా ఏడాది నిండనిది. మన దగ్గర ఇవి మార్చి నుంచి జూన్ మధ్య గూడు పెడతాయి. ఆ గూటి నుంచి దిగిన పిల్లలు జనవరి నాటికి తల్లిదండ్రుల రంగులోకి రావు. రొమ్ము మీద అడ్డగీతలకు బదులు పైనుంచి కిందికి బొట్లు, చారలు ఉంటాయి. రెండు రకాలన్నవాళ్లూ గెలిచారు, ఒకటే అన్నవాళ్లూ గెలిచారు.

ఒక అమ్మాయి గొంతు చూడమని అడిగింది. ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. శిక్రా గొంతు మధ్యలో నిలువుగా ఒక సన్నటి గీత ఉంటుంది, ఒక్కోసారి కనిపించదు కూడా. అడవి లోపల ఉండే బెస్రా అనే దాని చుట్టానికి ఆ గీత దట్టంగా, నల్లగా ఉంటుంది. బెస్రా ఊళ్లోకి రావడం అరుదు. నా ఫోన్‌తో తీసిన ఫొటో మెర్లిన్ యాప్‌లో పెడితే శిక్రా, బెస్రా, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే స్పారోహాక్, మూడూ చూపించింది. యాప్ అబద్ధం చెప్పలేదు, చేతులెత్తేసింది అంతే. ఆ మూడింట్లో ఒకటి తేల్చింది నోటుబుక్కులో రాసిన గొంతు గీత. యాప్ వాడొద్దని నేను అనను. పక్షుల ప్యాక్ ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే మన కొండమీద సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. కానీ దానికి మీరు చూసింది చెప్పాలి కదా. చూడకపోతే ఏం చెబుతారు?

ఇప్పుడు మా వాచ్‌మన్ తాత సంగతి. ఆయన బడి మొహం చూడలేదు. పెరటివైపు వీపు పెట్టి కూర్చుని బుట్ట అల్లుకుంటూ "వచ్చింది" అంటాడు. పిల్లలు పరుగెత్తి చూస్తే జామచెట్టు మీద డేగ ఉంటుంది. ఎలా తెలిసింది తాతా అంటే నవ్వుతాడు. చివరికి చెప్పాడు. ఉడుత తోక ఎగరేస్తూ ఆపకుండా ఒకే తీరుగా అరుస్తుంది. గోరింకలు ఒక్కసారి కస్సుమంటాయి. తర్వాత పెరడంతా చప్పుడు ఆగిపోతుంది. పిల్లి వస్తే ఆ గోల వేరు, అది నేలను పట్టుకుని కదులుతుంది. డేగ వస్తే ముందు గోల, వెంటనే నిశ్శబ్దం. నేను బీఎడ్‌లో చదివిన పరిశీలన అనే మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ చూడలేదు. తమ్ముళ్లూ, మన ఇళ్లలో ఇలాంటి తాతలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చునే తీరికే మనకు లేదు.

తాత ఇంకో మాట కూడా హెచ్చరించాడు. డేగ కూత విన్నంత మాత్రాన డేగ వచ్చిందనుకోవద్దన్నాడు. నిజమే. శిక్రా కూత టిట్యూ, టిట్యూ అని రెండు ముక్కలుగా, పదునుగా ఉంటుంది. తోక చీలిన నల్లపిట్ట, పసులపోలిగాడు, దాన్ని అచ్చంగా అనుకరించగలదు. కూత విని చెట్టు కిందికి పరుగెత్తిన మా పిల్లలను అది రెండుసార్లు ఆటపట్టించింది.

ఇప్పుడు నేను చెప్పాలని వచ్చిన అసలు విషయం. పోయిన ఏడాది చైత్రంలో, ఇటుకల పండుగ రోజుల్లో, దగ్గరి ఊరి కుర్రాళ్లు ఇద్దరు ఒక చచ్చిన పక్షిని మా గేటు దగ్గరికి తెచ్చారు. ఉండేలుతో కొట్టారట. "మేడం, కోడిపిల్లలను తన్నుకుపోయే డేగను కొట్టేశాం" అని గర్వంగా చూపించారు. బూడిద రంగు వీపు, రొమ్ము మీద గోధుమరంగు, తోకమీద పట్టీలు. దూరం నుంచి చూస్తే ఎవరైనా శిక్రా అనుకుంటారు. పరిమాణం కూడా అదే.

నేను దాని కాలు పట్టుకుని వాళ్లకు చూపించాను. డేగ కాలికి మూడు వేళ్లు ముందుకు, ఒకటి వెనక్కి ఉంటాయి. వంకర తిరిగిన గోళ్లు, ముట్టుకుంటే గుచ్చుకుంటాయి. దీనికి రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కి ఉన్నాయి. గోళ్లలో పదును లేదు. ముక్కు సన్నం, డేగ ముక్కులా కొక్కెం లేదు. కంటి చుట్టూ పసుపు వలయం. అది కోకిల జాతి పిట్ట. ఎండాకాలం రాత్రీ పగలూ గొంతు పెంచుకుంటూ పోయి, ఇక పెంచలేక ఆపేసి, మళ్లీ మొదలుపెట్టే ఆ అరుపు మీరు వినే ఉంటారు. ఆ అరుపు దీనిదే. ఇంగ్లీషులో హాక్ కుకూ అంటారు. డేగ వేషం వేసుకున్న కోకిల అన్నమాట. ఆ వేషం చూసి చిన్న పిట్టలు బెదురుతాయి. ఇది గూడు కట్టదు, గుంపుగా తిరుగుతూ గోలచేసే బాబ్లర్ల గూళ్లలో గుడ్లు పెడుతుంది. తినేది ఎక్కువగా పురుగులు, మనం ముట్టుకుంటే దద్దుర్లు వచ్చే వెంట్రుకల గొంగళి పురుగులతో సహా. కోడిపిల్ల జోలికి వెళ్లే పక్షే కాదు.

ఆ కుర్రాళ్ల మొహాలు వాడిపోయాయి. తిట్టలేదు నేను. ఆ ఊళ్లో తర్వాత కూడా కోడిపిల్లలు పోతూనే ఉన్నాయి.

దూరం నుంచే తేడా కనిపెట్టడానికి ఒక గుర్తు చెబుతాను. కోకిల కొమ్మమీద వాలగానే తోక పైకెత్తి అటూ ఇటూ ఊపుతుంది, రెక్కలు కిందికి జారవిడుస్తుంది, ఒళ్లు నేలకు సమంగా పెట్టి కూర్చుంటుంది. డేగ నిటారుగా, కదలకుండా కూర్చుంటుంది. తల మాత్రమే తిరుగుతుంది. ఇది తెలుసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఉండేలులో రాయి పెట్టడానికి పట్టే టైము కంటే కొంచెం ఎక్కువ.

నేను పండుగను తప్పుపట్టే మనిషిని కాదు. మా నాన్న కూడా ఆ రోజుల్లో అడవికి వెళ్లేవాడు. కానీ తినని పిట్టను కొట్టిన మనిషిని మా ఇంట్లో నేను చూడలేదు. పైగా ఆ నెలలే డేగలకు గూటి నెలలు, తల్లిని కొడితే గూట్లో పిల్లలూ పోతాయి. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద డేగను కొట్టినా, పట్టి పెంచినా, గుడ్లు తీసినా నేరమే.

మరి కోడిపిల్లలు? శిక్రా అస్సలు ముట్టదని నేను చెప్పను, చిన్న పిల్ల దొరికితే పట్టుకుపోతుంది. కానీ దాని తిండిలో ఎక్కువ భాగం తొండలు, బల్లులు, ఎలుకలు, మిడతలు, చిన్న పిట్టలు. కోడిపిల్లల లెక్కలో కాకి, ముంగిస, పిల్లి, గద్ద అన్నీ ఉన్నాయి. వంట పిన్నికి మేము చెప్పింది ఒక్కటే, మొదటి కొన్ని వారాలు పిల్లలను కోళ్ల గంప కింద ఉంచమని. ఆమె గొణిగింది, ఉంచింది. ఇప్పుడు డేగ వస్తే ఆమే మమ్మల్ని పిలుస్తోంది.

పిచ్చుకల కోసం కూడా ఒక ఏర్పాటు చేశాం. డేగ రోజూ రావడం మొదలుపెట్టినప్పుడు రెండు వారాలు గింజలు ఆపేశాం. పిట్టలు చెదిరిపోయాయి, డేగ వేరే చోటు చూసుకుంది. మళ్లీ పెట్టినప్పుడు చిప్పలను గోరింట పొద దగ్గరికి మార్చాం, దూరి దాక్కోవడానికి. ఒక పిల్ల నన్నడిగింది, "మేడం, డేగకూ ఆకలేస్తుంది కదా, ఎవరి పక్షం?" అని. నేను ఎవరి పక్షమూ కాదన్నాను. ఆ పిల్లకు ఆ జవాబు నచ్చలేదు.

రాబందు మాట మీ అందరికీ తెలుసు. ఎవరినైనా తిట్టడానికి వాడతారు. ఈ సభలో 25 ఏళ్ల లోపు వాళ్లలో రాబందును కళ్లారా చూసినవాళ్లు చేతులెత్తండి. చూశారా. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 2006లో పశువులకు ఆ మందును మన ప్రభుత్వం నిషేధించేసరికే చాలావరకు పోయాయి. రాబందుకు పేరు మిగిలింది. మా పెరటి డేగ సంగతి దానికి ఎదురు. పక్షి రోజూ వస్తోంది, దాన్ని మన ఇంటి భాషలో ఏమంటారో అడిగితే మా 60 మంది పిల్లల్లో చెప్పగలిగింది ఐదుగురే. ఆ ఐదుగురూ అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్లే. ఒక అమ్మాయి పేరు తెలిసి కూడా చెప్పడానికి సిగ్గుపడింది, "అది ఊరి మాట మేడం" అంది.

అందుకని మీకో పని. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశం 2013 నుంచి అందులో ఉంది. 15 నిమిషాలు ఒకచోట కూర్చుని కనిపించిన పక్షులను రాసి ఈబర్డ్‌లో పెట్టడమే. ఈసారి మన ఊళ్ల నుంచి పెట్టండి. పెట్టేముందు ఆ జాబితాను ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించి, ఒక్కో పక్షి పక్కన వాళ్లు చెప్పిన పేరు రాయండి. కువిలో అయితే కువి, ఆదివాసీ ఒడియాలో అయితే అది, తెలుగు యాసలో అయితే ఆ యాసలోనే, దిద్దకుండా రాయండి. ఊరి పేరు, చెప్పినవాళ్ల పేరు కూడా రాయండి. ఆ కాగితాలు హాస్టల్‌కి పంపితే మా పిల్లలు నోటుబుక్కులోకి ఎక్కిస్తారు. డేగ పేజీలో ఐదు పేర్లు రాశాక మిగతాది ఖాళీగా వదిలిపెట్టాం.