ఆరూ నలభై అయిదుకి హాజరు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు పదిహేను నిమిషాలిచ్చారు. మనం విన్న రేడియోలో ప్రాంతీయ వార్తలకి పది నిమిషాలే. రాష్ట్రమంతా అందులో ఇమిడిపోయేది. కనుక నాకిచ్చినది ఎక్కువే. నేను కూడా ఆ వార్తల పద్ధతిలోనే మాట్లాడతాను.

ముందుగా ముఖ్యాంశాలు. నా ట్రాన్సిస్టర్‌లో సెల్లులు అయిపోయినందువల్ల భారతదేశం ప్రపంచ కప్పు గెలిచింది. ఇల్లు కదలకుండానే నాకు జిల్లా మారింది. నేను బతికే ఉన్నానంటే నా బొటనవేలు ఒప్పుకోలేదు. ఇక వివరాలు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఇక్కడ కూర్చున్న చాలామందికి కాస్త అటూ ఇటూగా తోటి వయసుది. మన చేతికి గడియారం రాకముందు మనకి పొద్దు చెప్పింది అదే. భక్తిరంజని వస్తే వాకిట్లో కళ్ళాపి పడేది. ఆరూ నలభై అయిదుకి ప్రాంతీయ వార్తలు. ఆరూ యాభై అయిదుకి ఢిల్లీ నుంచి సంస్కృతం. ఏడూ అయిదుకి ఢిల్లీ నుంచే తెలుగు. సంస్కృతం మా ఇంట్లో ఎవరికీ రాదు. అయినా ‘ప్రవాచకః’ అనే మాట వినపడగానే మా పిల్లలు ఆయనకంటే ముందే ‘బలదేవానంద సాగరః’ అని అరిచేసేవాళ్ళు. ఆ రోజుల్లో రేడియోకి లైసెన్సుండేది. ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. మా ఆవిడ అనేది, ‘అది డబ్బు పుచ్చుకుని మాట్లాడుతుంది, మీరు ఊరికే మాట్లాడతారు’ అని.

మా కర్లపాలెం వీధిలో రేడియో ఉన్న ఇళ్ళు ఏడెనిమిది. అన్నింటిదీ ఒకటే గొంతు. వీధి ఈ చివర ముఖ్యాంశాలు వింటూ బయల్దేరినవాడు ఆ చివరికి చేరేసరికి ఒక్క మాట పోకుండా వార్తలన్నీ వినేసేవాడు.

ఇప్పుడు క్రీడావార్తలు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో హాకీ ప్రపంచ కప్పు ఫైనలు. మనకీ పాకిస్తాన్‌కీ పోటీ. హిందీలో జస్‌దేవ్ సింగ్ గారు చెబుతుంటే, హిందీ రానివాళ్ళకి కూడా బంతి ఎక్కడుందో తెలిసిపోయేది. వాళ్ళు ముందు గోలు కొట్టారు. సుర్జీత్ సింగ్ సమం చేశాడు. సరిగ్గా అప్పుడు నా ట్రాన్సిస్టర్ గొంతు బావిలోంచి వచ్చినట్టు అయిపోయింది. అవి మా అమ్మ అప్పడాలతోపాటు ఎండబెట్టి, ఎండబెట్టి వాడించిన సెల్లులు. కిరాణా కొట్టుకి పరిగెత్తాను. కొట్టాయన రేడియోకి చెవి ఆనించి కూర్చుని, ‘గోలు పడేదాకా లేవను. లేస్తే అచ్చిరాదు’ అన్నాడు. డబ్బులు చేతబట్టుకుని అలాగే నిలబడ్డాను. ధ్యాన్‌చంద్ గారి అబ్బాయి అశోక్ కుమార్ రెండో గోలు కొట్టాడు. 2–1తో మనం గెలిచాం. అప్పుడు లేచాడు కొట్టాయన. సెల్లులివ్వడానికి కాదు, నన్ను వాటేసుకోవడానికి. నా సెల్లులు నిండుగా ఉంటే నేను కొట్టుకి వెళ్ళేవాణ్ణి కాదు, ఆయన అంత పట్టుగా కూర్చునేవాడూ కాదు, మనకా కప్పూ వచ్చేది కాదు. ఆ తరవాత మన మగపిల్లలకి ఆ కప్పు అందలేదు. 2023లో సొంత గడ్డ మీద, భువనేశ్వర్, రూర్కెలాల్లో ఆడినా అందలేదు. టీవీలకి సెల్లులు అక్కర్లేదు మరి!

1983 సంగతి మీకు తెలిసిందే. జూన్ 18న జింబాబ్వే మీద 17 పరుగులకే 5 వికెట్లు పోతే, కపిల్ దేవ్ 175 కొట్టి అవుట్ కాకుండా నిలబడ్డాడు. ఆ రోజు బి.బి.సి. సిబ్బంది సమ్మెలో ఉన్నారని చెప్పుకునేవారు. కెమెరాలు రాలేదు. మైదానంలో ఉన్నవాళ్ళు తప్ప ఆ ఆట లోకంలో ఎవరూ చూడలేదు. టీవీ ఉన్నవాడూ లేనివాడూ ఒకటైపోయాడు. ఉద్యోగుల సమ్మె వల్ల ఇంతటి సమానత్వం వచ్చిన సందర్భం మరొకటి నాకు తెలియదు. జూన్ 25న ఫైనల్లో మనవాళ్ళు 183 చేసి, వెస్టిండీస్‌ని 140కి పడగొట్టారు. రాత్రి ఆ మాట వింటే మా వీధి పెద్దలు నమ్మలేదు. మర్నాడు పొద్దున రేడియో వార్తల్లో వచ్చాక నమ్మారు. రాత్రి విన్నది పుకారు, పొద్దున విన్నది వార్త.

ఇక స్థానిక వార్తలు. నేను గుంటూరు జిల్లాలో పుట్టాను. 2022 ఏప్రిల్ 4న మంచం మీంచి లేచేసరికి బాపట్ల జిల్లాలో ఉన్నాను. నా మొత్తం సర్వీసులో ఉత్తర్వు కాగితం, జాయినింగ్ టైము, టి.ఏ. బిల్లు లేకుండా జరిగిన బదిలీ ఇదొక్కటే. అదీ రిటైరయ్యాక.

ఈ రెండో వార్తలో నవ్వడానికేమీ లేదు. 1977 నవంబరు 19 నాటి తుపాను. దివిసీమలోనూ మన తీరం పొడుగునా కలిపి పదివేలమందికి పైగా పోయారు. స్తంభాలు పడిపోయి, దారులు తెగిపోయి, పక్క ఊరి సంగతి మనకి తెలియదు. ఒక్క ట్రాన్సిస్టర్ చుట్టూ పాతికమంది నిలబడి విన్నాం. తమవాళ్ళున్న ఊరి పేరు వినపడితే ఆ మనిషి అరుగు మీద కూలబడేవాడు. పక్కవాడు భుజం పట్టుకునేవాడు. వార్త ఒంటరిగా వినకూడదని నాకు ఆ రోజున తెలిసింది.

చివరగా సొంత వార్తలు. పూర్వం లైఫ్ సర్టిఫికెట్ అంటే ట్రెజరీకి వెళ్ళి మనిషి కనపడితే సరిపోయేది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, దాంతో వేలిముద్ర వచ్చింది. ఆమధ్య ఒక సెంటరుకి వెళ్ళాను. కుర్రాడు, ‘తాతగారూ, వేలు పెట్టండి’ అన్నాడు. పెట్టాను. రాలేదు. తుడిచి పెట్టాను, తడిచేసి పెట్టాను. పది వేళ్ళూ అయిపోయాయి. ముప్పై అయిదేళ్ళు కాగితాలు తిప్పిన వేళ్ళకి గీతలెక్కడుంటాయి? ‘ఆయన బతికే ఉన్నారు బాబూ, పొద్దున కాఫీకి వంక పెట్టారు’ అని మా ఆవిడ వాంగ్మూలమిచ్చింది. యంత్రం ఆ సాక్ష్యం పుచ్చుకోలేదు. ఆఖరికి ఫోను నా ముఖానికి ఎదురుగా పెట్టి కళ్ళు ఆర్పమన్నారు. ఆర్పాను. బతికే ఉన్నట్టు తేలింది.

నవ్వారు, సంతోషం. కాని ఒకటి ఆలోచించండి. ‘ఉన్నావా?’ అని ప్రభుత్వం ఏడాదికోసారి అడుగుతుంది. మిగతా 364 రోజులూ అడిగేదెవరు?

మా వీధిలో ఒక రిటైర్డు మాస్టారుండేవారు. భార్య పోయారు, పిల్లలు దూరాన ఉన్నారు. ఢిల్లీ వార్తలు కాగానే టక్కున రేడియో కట్టేసేవారు. సెల్లుల పొదుపు. ఒకరోజు వార్తలైపోయి పాటలు మొదలైనా ఆ రేడియో ఆగలేదు. మా ఆవిడ వాకిలి ఊడుస్తూ ఆగి, ‘ఏవండీ, మాస్టారి రేడియో పాడుతోంది’ అంది. ఇద్దరం వెళ్ళి తలుపు తోశాం. పెరట్లో బావి దగ్గర జారిపడి ఉన్నారు. తుంటి విరిగింది. కేక వేసే ఓపిక లేదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి మొట్టమొదట అడిగిన మాట, ‘రేడియో కట్టేశారా?’ అని. ఆ తరవాత ఆయన పదకొండేళ్ళు బతికారు.

ఇప్పుడు ఆకాశవాణి ఫోన్లో కూడా వస్తుంది. మా మనవడు ‘న్యూస్ ఆన్ ఎయిర్’ పెట్టిచ్చాడు. అమెరికాలో కూతురింట్లో కూర్చున్నా విజయవాడ వినవచ్చు. వినడానికి లోటు లేదు. లోటల్లా ఒకటే. ఎవరి చెవిలో వాళ్ళు వింటున్నాం గనక, నేను వింటున్నట్టు పక్కింటికి తెలియదు. నాది ఆగిపోయినా తెలియదు.

పెన్షన్ భిక్ష కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గుర్తుగానే మనం ఈ రోజు కలుసుకుంటున్నాం. పలకరింపు కూడా మన హక్కేనని నా మనవి. దానికి కోర్టుకి వెళ్ళక్కర్లేదు. మన సభ్యుల పట్టిక చాలు.

నా ప్రతిపాదన ఇది. రోజూ పొద్దున ఆరూ నలభై అయిదుకి పట్టికలో ఒకరు తన కింది పేరుకి ఫోను చెయ్యాలి. ఆయన తన కిందివారికి. ఆఖరివారు మళ్ళీ మొదటివారికి. మూడే ముక్కలు: ఆటలో ఎవరు గెలిచారు, ఊళ్ళో విశేషమేమిటి, ఒంట్లో ఎలా ఉంది. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే, ఆ వీధిలో దగ్గరున్నవారు వెళ్ళి తలుపు తట్టాలి. ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే అక్కచెల్లెళ్ళ పేర్లు పట్టికలో ముందు రాయాలి. ఆయన పోయాక ఆ ఇంటికి ఫోన్లు తగ్గిపోతాయి. మనందరికీ ఆ సంగతి తెలుసు, పైకి అనం.

ఇందులో ఖర్చు లేదు కాబట్టి ట్రెజరీవారి అభ్యంతరం ఉండదు. పట్టిక అదిగో, బల్ల మీద పెట్టాను. భోజనానికి లేచేముందు అందరూ సంతకం చెయ్యండి. పెన్ను కూడా ఉంది. బొటనవేలు అక్కర్లేదు.

ఇంతటితో వార్తలు సమాప్తం. సెలవు.