చూపు దానం కాదు, హక్కు

(బడి పిల్లల కంటి పరీక్షలకు ముందుకొచ్చిన మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నల్లబల్ల మీద అక్షరాలు కనిపించని పిల్లలు ఆ సంగతి చెప్పరు. లోకం అందరికీ అలాగే మసకగా ఉంటుందనుకుంటారు. పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటారు. మనం వాళ్ళకు "మొద్దు" అని పేరు పెడతాం. ఆడపిల్లయితే ఇంకో అడుగు ముందుకేసి, "చదువు అబ్బలేదు, మానిపిద్దాం" అంటాం.

పరీక్ష చేయడం కష్టమేమీ కాదు. చార్టుకు ఆరు మీటర్ల దూరంలో, మంచి వెలుతురులో పిల్లను నిలబెట్టాలి. ఒక్కో కన్నూ విడిగా చూడాలి. రెండో కంటిని అరచేత్తో కప్పాలి గాని వేళ్ళతో నొక్కకూడదు. రెండు కళ్ళతో కలిపి చదివిస్తే ఒక కంటి లోపాన్ని రెండోది కప్పేస్తుంది. అలా వదిలేసిన కన్ను క్రమంగా మందగించిపోతుంది. చిన్నవయసులో పట్టుకుంటే నయం చేయవచ్చు, ఆలస్యమైనకొద్దీ కష్టం. లోపమున్న పిల్లల్ని గుర్తించడం వరకే మన పని. పవర్ నిర్ణయించాల్సింది కంటి డాక్టరు, ఆప్టోమెట్రిస్టు.

పరీక్ష రోజున బడికి రాని పిల్లల మాటేమిటి? తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయిన పిల్ల, విత్తన పత్తి చేలో క్రాసింగ్ పనికి పోయిన పిల్ల మన జాబితాలోకి రారు. హాజరు పట్టీ అడిగి తీసుకోండి. రాని వాళ్ళ కోసం మళ్ళీ వెళ్ళండి.

జోడు ఇచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. "కళ్ళజోడు పిల్లకు సంబంధాలు రావు" అని చాలా ఇళ్ళలో దాన్ని పెట్టెలో దాచేస్తారు. పెట్టుకుంటే పవర్ పెరుగుతుందని భయపడతారు. అది నిజం కాదు. తల్లులతో కూర్చుని మాట్లాడండి. ఫ్రేము పిల్లనే ఎంచుకోనివ్వండి. నెల తిరిగాక వెళ్ళి, ఎందరు పెట్టుకుంటున్నారో చూడండి. పిల్లలు ఎదిగేకొద్దీ పవర్ మారుతుంది, ఏటా పరీక్ష జరగాలి.

2019 అక్టోబర్ 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనంతపురంలో "కంటి వెలుగు" ప్రారంభించి, మొదటి విడతలో బడి పిల్లలకు పరీక్షలు చేయించింది, కళ్ళజోళ్ళు ఉచితంగా ఇచ్చింది. ఇది ప్రభుత్వం చేయగల పనేనని అప్పుడే తేలింది. అయితే ఒక విడతతో తీరే అవసరం కాదిది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హామీ ఇచ్చింది. బల్ల మీది అక్షరం కనపడని పిల్లకు ఆ హామీ అందినట్టేనా? 2030 నాటికి కంటి వైద్యం అందరికీ అందాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2021 జూలైలో తీర్మానించింది.

కాబట్టి జోళ్ళు పంచేటప్పుడు ఫోటోల కోసం పిల్లల్ని వరసలో నిలబెట్టకండి. మనం వాళ్ళకు ఉపకారం చేయడం లేదు. మన సేవ ప్రభుత్వ బాధ్యతకు బదులు కాకూడదు. మీరు రాసుకున్న ప్రతి జాబితా నకలు మండల విద్యాధికారికి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. వచ్చే ఏడాది అదే జాబితా పట్టుకుని వెళ్ళి, వీళ్ళకు మళ్ళీ పరీక్షలు ఎప్పుడని అడుగుదాం.